చదివానని చెప్పిన పుస్తకం

లైబ్రరీ ఉద్యోగమంటే కుర్చీలో కూర్చుని పుస్తకాలు చదువుకోవడమని చాలామంది అనుకుంటారు. చేరేటప్పుడు నేనూ అదే అనుకున్నాను. చేరాక తెలిసింది, అందులో చదవడం తప్ప మిగతావన్నీ ఉంటాయని. ఈ మాట నలుగురిలో నవ్వులాటకి చెబుతుంటాను గానీ నా విషయంలో అది నవ్వే సంగతి కాదు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు నా అనుభవాలు రాయమన్నారు. ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి వాళ్లకి అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు. పాఠకుడికి ఫలానా నవల చదవమని చెప్పడం ఉందే, ఆ ఒక్క పని గురించి రాస్తాను. అందులో నేను చేసిన ఒక వెధవపని గురించి రాస్తాను. ఇది ఇంతవరకు మా ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబితే నొచ్చుకునేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

మేస్టారు ఇచ్చిన నవల

అరవైల చివరి మాట. నెల్లిమర్ల పక్కన ఒక చిన్న శాఖా గ్రంథాలయం నాది. రెండు గదులు, నాలుగు బీరువాలు, ఒక పొడుగు బల్ల, అటెండరు అప్పన్న. జూట్ మిల్లులో షిఫ్టు దిగినవాళ్లు తలకి నారపీచు అంటుకునుండగానే తిన్నగా మా దగ్గరికొచ్చేవారు. డిటెక్టివ్ నవలలు విరివిగా వస్తున్న రోజులు. వాటికి తోడు వారపత్రికల్లో సీరియళ్లుగా వచ్చి పుస్తకాలైన కుటుంబ నవలలు. ఆడవాళ్లు మాత్రం లైబ్రరీకి వచ్చేవారు కాదు. ఇంట్లో మగవాళ్ల చేతికి చీటీ ఇచ్చి పంపేవారు. చీటీలో ఒకటే ముక్క ఉండేది, "మొన్నటిలాంటిది ఇంకోటి ఇవ్వగలరు" అని.

ఆ మొన్నటిలాంటిది ఏదో కనిపెట్టడమే నా విద్య. మనిషిని చూడగానే ఏ పుస్తకం కావాలో నాకు తెలుస్తుందని ఊళ్లో పేరు పడిపోయింది.

"ఏటి మేస్టారూ, కొత్తదేటొచ్చినాది?" అని అడుగుతూ వచ్చేవారు.

"ఇది పట్టుకెళ్లు. రేపు షిఫ్టుకి ఆలస్యమైతే నన్నేం అనకు మరి."

"మర్డరున్నాదా?"

"రెండున్నాయి."

"మరింకేటి, ఇచ్చీయండి."

హంతకుడెవరని ఎవరైనా అడిగితే, "అది చెప్పేస్తే ఇంక మజా ఏముందయ్యా?" అని నవ్వేవాణ్ణి. వాళ్లూ నవ్వి, మేస్టారు గుట్టు బయటపెట్టరు అని మెచ్చుకునేవారు. డిటెక్టివ్ నవల ఇచ్చేటప్పుడు కథ చెప్పకపోవడం మర్యాద. ఆ మర్యాద చాటున నేను కొన్నేళ్లపాటు హాయిగా కాలక్షేపం చేశాను. నిజమేమిటంటే సగం పుస్తకాల్లో హంతకుడి పేరు తప్ప కథేమిటో నాకూ తెలీదు.

ముందు ఇరవై, వెనక పది

ఈ పద్ధతి నాకు నేర్పినాయన దాలినాయుడు గారు. శ్రీకాకుళంలో నేను పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. కొత్త పుస్తకాల కట్ట విప్పినప్పుడు ప్రతిదీ ముందు ఇరవై పేజీలు, వెనక పది పేజీలు చదివి పక్కన పెట్టేవారు. నేను ఒక నవల మొదటి నుంచి పట్టుకు కూర్చుంటే కసిరారు.

"ఒరే అబ్బాయ్, అన్నం ఉడికినాదో నేదో సూడ్డానికి గుండిగంతా తింటారేట్రా? ఒక్క మెతుకు పట్టి సూస్తారు. పుస్తకమూ అంతే."

ఆయన్ని నేను తప్పుపట్టను. ఆ మెతుకు పట్టి చూడడం ఆయనకి పుస్తకాన్ని ఏ బీరువాలో పెట్టాలో తేల్చుకోవడానికి మాత్రమే. ఇంటికి పట్టుకెళ్లి మిగతాది చదివేవారు. చదవనిదాన్ని ఎవరికైనా ఇస్తే "నాను సదవలేదు బాబూ, మీరే సదివి సెప్పండి" అనేవారు. నేను ఆయన దగ్గర మొదటి సగం నేర్చుకుని రెండో సగం వదిలేశాను. సాయంత్రం లైబ్రరీ మూసి నేను వెళ్లేది పోస్టుమాస్టరు గారి అరుగు మీదికి, పేకాటకి. మా ఇంట్లో పుస్తకాలు తలగడ పక్కన ఉండేవి. తలగడే నాకు ఎక్కువ పనికొచ్చేది.

మెతుకు పట్టి చూస్తే ఉడికిందో లేదో తెలుస్తుంది. అన్నంలో రాయుంటే తెలీదు.

నాలుగో బీరువా అడుగు అర

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. బాగా గిరాకీ ఉన్న కొత్త నవలలు నేను బల్లమీద పెట్టేవాణ్ణి కాదు. నాలుగో బీరువా అడుగు అరలో, పాత వారపత్రికల కట్టల వెనక దాచేవాణ్ణి. అవి ఊళ్లో నలుగురైదుగురు పెద్దమనుషుల ఇళ్లకి. వాళ్ల వాళ్లు చదివాకే మిల్లు కూలీలకి దక్కేవి. ఎవరూ నన్ను దాచమనలేదు. పెద్దవాళ్ల ఇళ్లల్లో నా మాట వినబడాలని నేనే చేసేవాణ్ణి. అప్పన్నకి ఆ అర సంగతి తెలుసు. అక్కడ ఉన్నదంటే అది మంచి పుస్తకమని, గౌరవమైన వాళ్లకి మాత్రమే ఇవ్వాలని అతని లెక్క. అప్పన్నకి అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి గానీ పుస్తకాల్ని అట్టమీద బొమ్మలతో గుర్తుపట్టేవాడు.

మార్తమ్మ టీచరు అడిగింది

యోహాను మేస్త్రి మాకు పాత చందాదారు. వడ్రంగం పని. డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. ఆయన భార్య మార్తమ్మ గారు మిషన్ బడిలో టీచరు. పెళ్లయిన చాలా ఏళ్లకి వాళ్లకి ఒక్క కొడుకు పుట్టాడు, సామేలు అని. పదేళ్లవాడు చంపావతి ఏట్లో స్నానానికి దిగి మళ్లీ పైకి రాలేదు. ఇది నేను చెబుతున్న నాటికి రెండేళ్ల క్రితం మాట. ఊరంతటికీ తెలిసిన మాటే.

ఆ తర్వాత మేస్త్రికి కళ్లల్లో శుక్లాలు ముదిరాయి. పట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. ఇంటికి తెచ్చాక రెండు కళ్లకీ కట్టు, మంచం మీద కదలకుండా పడుకోవాలి. ఒకనాటి సాయంత్రం మార్తమ్మ గారు తనే లైబ్రరీకి వచ్చారు. బల్ల దగ్గర నిలబడ్డారు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేస్టారండీ, ఆయనకి పొద్దు గడవట్లేదు. బడి నుంచి వచ్చాక నేను చదివి వినిపిద్దామని. డిటెక్టివ్‌దే ఇవ్వండి, ఆయనకవే ఇష్టం కదా."

"దానికేముందమ్మా, బోలెడున్నాయి."

"ఒక్క మాటండీ." ఆవిడ గొంతు తగ్గించారు. "డాక్టరు గారు ఆయన ఏడవకూడదన్నారు. ఏడిస్తే కుట్లు కదిలి చూపు పోతుందట. మీకు తెలుసు కదా మా సంగతి. పిల్లలు పోయే కథ వద్దండి. అందులో నీళ్లు అసలే వద్దు."

నవల గురించి అలాంటి ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. మజా పోతుందని నవ్వి తప్పించుకోడానికి వీల్లేదు. ఉందా లేదా, అంతే. "ఉండమ్మా, చదివినవాటిలోంచి చూసిస్తాను" అంటే సరిపోయేది. అప్పటికి నేను పూర్తిగా చదివినవి పదో పన్నెండో ఉన్నాయి, వాటిలోంచి ఒకటి ఇస్తే సరిపోయేది. కానీ అవి పాతవి. టీచరమ్మ స్వయంగా వచ్చిందాయె, నా పేరుకి తగ్గట్టు ఇవ్వాలని బుద్ధి పుట్టింది. నాలుగో బీరువా అడుగు అరలోంచి కొత్తది తీశాను. అట్టమీద ఎర్ర దీపం, వెనక చెరువు.

"ఇదివ్వచ్చునమ్మా. ఒక బంగళా, ఒక నెక్లెస్ దొంగతనం. ఆఖర్న పెళ్లితో అయిపోతుంది."

ఆవిడ అట్టమీద చెరువు చూశారు. "మీరు చదివారా?"

"చదివానమ్మా. మీరు భయపడేది ఏమీ లేదు."

ముందు ఇరవై, వెనక పది. అందులో నెక్లెస్ ఉంది, పెళ్లి ఉంది. తోటమాలి కొడుకొకడు ఉన్నాడు, పదేళ్లవాడు, ఈల వేస్తూ తిరుగుతుంటాడు. వెనక పది పేజీల్లో వాడు కనబడకపోతే, చిన్న పాత్ర కదా అనుకున్నాను. ఆ నవల పేరు ఇక్కడ చెప్పను. రాసినాయన తప్పేమీ లేదు.

నూట పన్నెండో పేజీ

వారం తర్వాత ఆవిడ పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టారు. లైబ్రరీలో అప్పుడు ఎవరూ లేరు. అప్పన్న మంచినీళ్లకి వెళ్లాడు.

"మేస్టారండీ, ఇది మీరు మొత్తం చదివారా?"

"మొత్తం చదవకుండా నేనెవరికీ ఇవ్వనమ్మా" అన్నాను.

ఆవిడ పుస్తకం తెరిచి నావైపు తిప్పారు. నూట పన్నెండో పేజీ. నేను అక్కడే నిలబడి చదివాను. తోటమాలి కొడుకు దొంగని చూస్తాడు. దొంగ వాణ్ణి చెరువులోకి తోసేస్తాడు. వాడు రెండుసార్లు పైకి వస్తాడు, మూడోసారి రాడు.

ఇక్కడ నేను ఏమన్నానో రాయాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "చాన్నాళ్లయిందమ్మా చదివి. గుర్తులేదు" అన్నాను. ఆ పుస్తకం లైబ్రరీకి వచ్చి అప్పటికి నెల కాలేదు.

ఆవిడ గట్టిగా మాట్లాడలేదు. నన్ను తిడితే బాగుండేది. జరిగింది చెప్పారు.

"వాడు రెండోసారి పైకి వచ్చాడని చదివేశానండి. మూడోది కంటికి కనబడింది, నోరు ఆగిపోయింది. ఆయన మంచం మీంచి, ఏటైనాదే, పిల్లోడికి ఏటైనాది, అంటున్నారు. ఏం చెయ్యను? జాలారి ఒకడు వలేసి పట్టుకున్నాడని చదివాను. లేనిది చదివాను. చచ్చిపోయాడనుకుని దొంగ వెళ్లిపోయాడని, జాలారి పిల్లాణ్ణి తన గుడిసెలో దాచాడని చదివాను."

"తర్వాత?"

"తర్వాతేముందండీ. పుస్తకంలో అందరూ వాడికోసం ఏడుస్తూనే ఉన్నారు. అవి ఉన్నవి ఉన్నట్టే చదివాను. వాడు గుడిసెలో ఉన్నాడన్న సంగతి మాకిద్దరికే తెలుసు కదా. మధ్యమధ్యలో గుడిసెలోకి వెళ్లొచ్చేదాన్ని. వాడేం తిన్నాడో, ఏం మాట్లాడాడో, బడిలో కూర్చుని మర్నాటికి అల్లుకునేదాన్ని. ఆఖరికి పెళ్లికి తీసుకొచ్చాను. ఆయన నవ్వారండి. రెండేళ్లయింది ఆయన నవ్వి."

పుస్తకం నా వైపు జరిపారు. "వచ్చే వారం కట్టు విప్పుతారు. కళ్లద్దాలు రాగానే ఇక్కడికే వస్తారు. ఇది ఆయన చేతికి రాకూడదు. ఈ ఒక్క సాయం చెయ్యండి."

"నాది పూచీ అమ్మా" అన్నాను.

నాలుగు రోజుల సెలవు

ఆ పూచీకి నేను చేయాల్సినవి రెండు. పుస్తకం మా ఇంటికి పట్టుకెళ్లిపోవాలి, లేదా అప్పన్నకి ఒక్క మాట చెప్పాలి, యోహాను మేస్త్రి వస్తే ఇది ఇవ్వకని. ఇంటికి పట్టుకెళితే చదవాల్సి వస్తుంది, నాకా పేజీ మళ్లీ చూసే ధైర్యం లేకపోయింది. అప్పన్నకి చెబితే ఎందుకని అడుగుతాడు. చెబితే సాయంత్రానికి టీ కొట్టులో, "మా మేస్టారు సదవకండానే ఇచ్చీసినారట" అని పడుతుంది. పరువు పోతుంది. అందుకని ఎవరికీ చెప్పకుండా పుస్తకాన్ని నాకు అలవాటైన చోటే పెట్టాను. నాలుగో బీరువా అడుగు అర, పాత పత్రికల కట్టల వెనక.

తర్వాత ఆమదాలవలసలో చుట్టాల పెళ్లికి నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. తిరిగొచ్చిన రోజున అప్పన్న మొహం వెలిగిపోతోంది.

"మేస్టారూ, యోహాను మేస్త్రి వొచ్చినాడు. కొత్త కళ్లద్దాలు, సోడాబుడ్డిలు. పిల్లోణ్ణి జాలారోడు వలేసి లాగిన పుస్తకం ఇమ్మన్నాడు. మళ్లీ సదువుకుంటాడట. పేరు తెలీదన్నాడు. నానడిగినాను, అట్టమీద ఏటుంటాదని. టీచరమ్మ ఎర్ర దీపం, సెరువూ అని సెప్పిందట. మరి నాకు తెలుసు కదేటి!"

"ఇచ్చావా?"

"ఇచ్చినాను. పాపం ముసలోడికి ఇన్నాళ్లకి కళ్లొచ్చినాయి. పెద్దోళ్లకి దాసిన పుస్తకమైనా మీరేటీ అనరులే, అనీసి."

అతను నాకు మంచే చేశాననుకున్నాడు. ఆ అరలో ఏముంటే దాన్ని గౌరవించాల్సిన వాళ్లకి ఇవ్వాలని నేర్పింది నేనే. అప్పన్నని ఏమీ అనలేదు. అనడానికి నాకు మొహం ఉంటే కదా.

మేస్త్రి మాట

మూడో రోజున మేస్త్రి వచ్చారు. పుస్తకం గుడ్డలో చుట్టి తెచ్చారు. మందపాటి అద్దాల వెనక కళ్లు పెద్దవిగా కనబడుతున్నాయి. బల్లకి ఇవతల కూర్చున్నారు. గుడ్డ విప్పి పుస్తకం అట్టని చేత్తో రుద్దారు.

"మేస్టారూ, ఇందులో ఎక్కడా జాలారోడు నేడు."

నేను బల్లమీద రిజిస్టరు మూశాను.

"టీచరమ్మ బడికెళ్లినప్పుడు మూడు మాట్లు ఎతికినాను. కళ్లు కొత్తవి కదా, నాకే ఆన్లేదేమో అనుకున్నాను. గుడిసె నేదు. వల నేదు. ఆ పిల్లోడు సెరువులోనే ఉండిపోనాడు."

"మేస్త్రి గారూ, తప్పు..."

"నాకు అనుమానం తగిలింది లెండి, అప్పుడే. గుడిసెలో ఆ పిల్లోడు బెల్లం పాకుండలు అడిగినాడు. రెండు సాలవు, ఇంకోటి పెట్టు, అన్నాడు. పుస్తకాల్లో పిల్లలు అలాగ మాటాడతారేటి? మా సామేలు మాట అది. మా ఇంటిదాని నోట్లోంచి వాడి మాట రెండేళ్ల తరవాత ఇన్నాను. కట్టుకింద కళ్లు మూసుకునే ఉన్నాను, ఏడ్డానికి నేదు కదా. ఇనుకుంటా ఉండిపోనాను."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. అద్దాలు తీస్తే ఆయనకి నేను మసకగా కనబడతాను కాబోలు, అందుకే మిగతా మాట అప్పుడు చెప్పారు.

"నాను దీన్ని సదివీసినానని టీచరమ్మకి సెప్పకండి మేస్టారూ. దానికి తెలిస్తే ఆ పిల్లోడు మళ్లీ పోతాడు."

ఆయన నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు, నువ్వు ఇది చదివావా అని. చదవకుండా ఇచ్చానని అప్పుడైనా నేనే చెప్పాల్సింది. "అలాగే లెండి" అని పుస్తకం తీసుకున్నాను. ఆయన వెళ్లాక దాన్ని సంచీలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లి మొదటి పేజీ నుంచి చదివాను. చాలా ఏళ్ల తర్వాత నేను మొదలు నుంచి తుది వరకు చదివిన నవల అదే. బాగా రాశాడు. నూట పన్నెండో పేజీ దగ్గర మట్టుకు కాగితం మెత్తగా నలిగిపోయి ఉంది.

ఇకమీద చేరేవాళ్లకి

ఆ తర్వాత పేకాట మానేశాను. మానేసినందుకు గొప్పేమీ లేదు, అరుగు మీద కూర్చుంటే ముక్కలు కనబడేవి కావు. నవల చదివాక దాంట్లో ఏముందో ఒక నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను. హంతకుడి పేరు కాదు. ఎవరు పోతారు, ఎలా పోతారు, ఏ ఇంట్లో ఇది చదవకూడదు, ఇలాంటివి. అడుగు అర ఖాళీ చేసి పుస్తకాలన్నీ బల్లమీదికి తెచ్చాను. పెద్దమనుషుల ఇళ్లనుంచి కొన్నాళ్లు చీటీలు రావడం మానేశాయి.

చదవని పుస్తకం అడిగితే "చదవలేదు బాబూ" అనడం నేర్చుకున్నాను. మొదట్లో నోరు దాటేది కాదు ఆ మాట. "ఏటి మేస్టారూ, మీరే సదవలేదంటే మరెవరు సదూతారు?" అని షిఫ్టు కుర్రాళ్లు ఎగతాళి చేశారు. నా పేరు సగం పోయింది. పోవాల్సిన సగమే పోయింది.

పిల్లలూ, మీరు నవల ఇచ్చేటప్పుడు కథ చెప్పకండి, అది మర్యాదే. కానీ మీకు తెలిసి చెప్పకపోవడం వేరు, తెలీక చెప్పకపోవడం వేరు. బల్లకి అవతల నిలబడ్డ మనిషికి ఆ తేడా కనబడదు. మీ మాట నమ్మి ఆ మనిషి పుస్తకాన్ని ఏ మంచం దగ్గరికి తీసుకెళుతుందో మీకూ కనబడదు.

ఆఖరి రోజు

రెండేళ్లకి నన్ను శ్రీకాకుళం వేశారు. కాగితాలు అప్పగిస్తున్న రోజున మార్తమ్మ గారు వచ్చారు. ఆ వ్యవహారం తర్వాత ఆవిడ నన్ను ఎప్పుడూ ఏ పుస్తకం ఇమ్మని అడగలేదు. తనే వెతుక్కుని తీసుకునేవారు. ఆ రోజు బల్ల దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగారు.

"ఆ పుస్తకం జాగ్రత్తగానే ఉందా అండీ?"

"మా ఇంట్లోనే ఉందమ్మా" అన్నాను. అబద్ధం కాదు. దాన్ని పోయిన పుస్తకాల కింద రాసి ఇంట్లోనే ఉంచేసుకున్నాను.

"ఆయన చేతికి రానీలేదు కదా?"

"రానీలేదమ్మా."

ఆవిడ మొహం తేలికపడింది. "ఆయన ఇప్పటికీ వాడి మాట ఎత్తుతారండి. ఆ గుడిసెలో పిల్లోడు ఇంకా ఏటి సేసీవోడే, సెప్పు, అంటారు. నాకు గుర్తున్నవీ, కొత్తవీ చెబుతుంటాను. పడుకునేవరకు వింటారు. మీరు ఆ పుస్తకం దాచబట్టేనండి."

అని నాకు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు.

నిజం చెబితే మేస్త్రికి ఇచ్చిన మాట పోతుంది, ఆ పిల్లాడూ పోతాడు. చెప్పకపోతే నాది కాని నమస్కారం తీసుకోవాలి. ఆ పుస్తకం తన చేత్తోనే మేస్త్రికి ఇచ్చిన అప్పన్న నా వైపే చూస్తున్నాడు.

నేనూ చేతులు జోడించాను.